రుచిగది నేల

ఫ్యాక్టరీ క్వార్టర్లు, వెనక వరస
వానలు మొదలైన వారం

అక్కా,

ఫోన్ చేయొచ్చుగా, ఈ ఉత్తరం ఏమిటి అంటావు. ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే అవతలివాడికి ఊపిరి తీసుకునే సందు ఉండదు. కాగితం మీదైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు ఆగి తీరాలి. అదీ సంగతి.

నన్ను ఆకు గోదాము నుంచి రుచిగదిలోకి మార్చారు. సిగరెట్లు అమ్మకానికి వెళ్లకముందు కాల్చి చూసి, ఘాటు ఎంత, తీపి ఎంత, గొంతులో గీరుతోందా లేదా అని తేల్చే గది అది. పొడుగాటి బల్ల, దాని చుట్టూ మేం. సిగరెట్టు మీద పేరుండదు, అంకె మాత్రం ఉంటుంది. రెండు మూడు దమ్ములు లాగాలి, పలక మీద రాయాలి, నీళ్లు పుక్కిలించి తరవాతది ముట్టించాలి. పొగ చెదురుతుందని ఫ్యాను పెట్టరు, కిటికీ కూడా లేదు. "ఊపిరితిత్తులు అద్దెకిచ్చావన్నమాట" అనబోతున్నావు కదూ? నేనే అనేశాను. ఆ వాక్యం నీకు మిగిలింది, ఇంకెక్కడైనా వాడుకో.

మా పెద్దాయన్ని అందరూ పెద్దముక్కు అంటారు. మొహం మీదే అంటారు, ఆయన మురిసిపోతాడు. సిగరెట్టు వెలిగించకుండా వాసన చూసి, ఆకు ఏ గోదాములో ఎండిందో చెప్పేస్తాడు. ఆయన కుడికాలు మోకాలి కింద నుంచి చెక్కది.

ఒక విచిత్రం. ఆ గది నేల చల్లగా ఉంటుంది. వానాకాలపు చల్లదనం కాదు. బూటు అట్టలోంచి, మేజోటిలోంచి పైకి పాకే చలి. చేరిన రోజు ఎవరూ ఏమీ చెప్పలేదు, పొద్దున్నుంచి నన్నే ఓరకంట చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం కాకముందే, నాకు తెలియకుండానే, కాళ్లు రెండూ ఎత్తి కుర్చీ అడ్డపుల్ల మీద పెట్టుకున్నాను. అంతే, బల్ల చుట్టూ చప్పట్లు! పెద్దముక్కు సొరుగులోంచి కంపెనీ ఇచ్చే ఉన్ని మేజోళ్ల జత తీసి నా ఒళ్లో పడేశాడు.

"ఒప్పుకుందిరా నిన్ను" అన్నాడు.

"ఎవరండీ?"

ఆయన నేల వైపు వేలు చూపించాడు.

ఆ గదిలో చేరే ప్రతివాడికీ ఇదే స్వాగతమట. కొత్తవాడు తనంతట తాను కాళ్లు ఎత్తేదాకా వాడి దగ్గర చలి మాట తీయకూడదని కట్టడి.

కుడి పిక్క ఈమధ్య పట్టేస్తోంది. బస్టాపుకి వెళ్లేటప్పుడు దారిలో ఒకచోట ఆగాల్సి వస్తోంది. ఆగితే పోతుంది. కొత్త బూట్ల మహిమ. నీ మరదలు, పాప కులాసా.

తమ్ముడు

*

ప్రెస్సు పైగది
అచ్చు పని నడుస్తుండగా

ఒరేయ్ తమ్ముడూ,

మేజోళ్లిచ్చి చప్పట్లు కొట్టారా! ఎంత ఉదారం! యజమాని వేయించాల్సింది మంచి నేల. దాని బదులు ఓ దెయ్యం కథ ఇచ్చి ఊరుకున్నాడు. లోకంలో సిమెంటు కంటే చవకైన సరుకు దెయ్యమే కదా.

నువ్వు సిగరెట్ల కంపెనీలో చేరిననాడు నీతో పెట్టుకున్న తగువు ఇంకా తీరలేదు, దాన్ని వాయిదా వేస్తున్నాను. ఇప్పుడు ఇది చెప్పు. నేల కింద తేమ ఉందా? ఎవరైనా తవ్వి చూశారా? ఆ పెద్దాయన కాలు ఎలా పోయింది? "ఏమోనే అక్కా" అని రాశావంటే ఊరుకోను. కాళ్లు గడ్డకట్టే గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి పని చేయించుకుంటుంటే, మీరంతా కలిసి దానికో ఆట కట్టి ఆడుకుంటున్నారు. సిగ్గుపడాల్సింది మీరు కాదులే. కోపం తెచ్చుకోవాల్సింది మాత్రం మీరే.

అక్క

*

క్వార్టర్లు
ముసురు

అక్కా,

ఇది నీకు రాస్తున్నాను. నీ పత్రిక్కి కాదు. ఒట్టు వేసుకుని చదువు.

తవ్వారు. ముందు రాతిపలకలు ఉండేవట. చలి అని గొడవ చేస్తే పెకలించి సిమెంటు పోశారు. అయినా ఆగలేదు. తివాచీ పరిచారు, దాని మీద చెక్క పరిచారు. కొత్తది వేసిన రోజు హాయిగా ఉండేదట, తరవాత మళ్లీ మామూలే. ఫ్యాక్టరీ కట్టకముందు అక్కడ బావి ఉండేదని, పూడ్చారు గానీ నిండలేదని అంటారు. తవ్వినప్పుడు బావి కనపడిందా అంటే, "కనపడితే ఇంకేం, అది మామూలు బావే అయ్యేది" అంటాడు పెద్దముక్కు. నవ్వకుండా అంటాడు.

ఆయన కాలి సంగతి అడిగాను. మొదట బొటనవేలు తెల్లబడిందట, తరవాత నీలం, ఆ తరవాత నలుపు. "నేల తాగుతుందిరా. గబగబా తాగదు. మనం టీ తాగినట్టు, కొంచెం కొంచెం" అన్నాడు. కోసిన కాల్లో రక్తనాళాలు ఎండిన గడ్డిపరకల్లా ఉన్నాయని డాక్టరు చెప్పాడట. ఆయనకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాడికి రెండు కాళ్లూ పోయాయి.

ఇంకోటి చెబుతాను, నవ్వకు. ఆయన చెక్కకాలికి కూడా ఉన్ని మేజోడు తొడుక్కుంటాడు. ఎందుకండీ అంటే, "ఈ కాలికే చలెక్కువరా" అన్నాడు. వేడినీళ్ల సంచి కూడా దాని మీదే పెట్టుకుంటాడు. నేను ఆయన పక్క కుర్చీలో కూర్చుంటాను. ఈమధ్య ఆ కాలి వైపు చూడకుండా పని చేయడం నేర్చుకుంటున్నాను.

తమ్ముడు

*

ప్రెస్సు పైగది
పత్రిక వెళ్లిన మర్నాడు

తమ్ముడూ,

వేశాను. ఇంకెక్కడో విని నువ్వు మండిపడేకంటే నేనే చెప్పడం మేలు. నీ పేరు లేదు, ఫ్యాక్టరీ పేరు లేదు. "నేల తాగే మనుషులు" అని శీర్షిక. రుచిగదికి కిటికీలు కావాలి, మేడ మీద గది కావాలి, ఆరిన చెక్కనేల కావాలి అని రాశాను. ఒట్టు వేసుకోమన్నావు, నేను వేసుకోలేదు. కాబట్టి మాట తప్పలేదు.

కోపం వస్తే రానీ. నీ నోరు నొక్కింది నేను కాదు కదా.

అక్క

*

క్వార్టర్లు

అక్కా,

నా కాలు నీ వ్యాసానికి ముడిసరుకా?

ఫ్యాక్టరీ సంక్షేమాధికారి ఇంటికొచ్చి టీ తాగి, పాపని ముద్దుచేసి, "మీ అక్కగారు బాగా రాస్తారు" అని వెళ్లాడు. అంతే అన్నాడు. నీ మరదలు అప్పట్నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. పత్రికలో వీరంగం వేసేది నువ్వు, వీధిన పడేది మేం. న్యాయం గురించి నువ్వు చెబితే వినాలి మరి!

ఇక రాయను.

*

క్వార్టర్లు
ఎండ కాస్తోంది

అక్కా,

రాయనన్నాను, రాస్తున్నాను. నీకు లోకువైపోయాను, కానీ ఈ మాట చెప్పకపోతే పాపం.

గది మార్చేశారు! మేడ మీద, తూర్పు వైపు. పొగ చెదరకుండా అద్దాలు బిగించిన కిటికీలు. కింద మెరిసే చెక్కనేల. సంక్షేమాధికారి రిబ్బను కత్తిరించాడు. పెద్దముక్కు గుమ్మంలోనే బూటు విప్పి, ఉన్న కాలు నేల మీద ఆనించి, పసిపిల్లాడిలా కళ్లు మూసుకున్నాడు. "వెచ్చగా ఉందిరా" అన్నాడు. మా అందరికీ ఏడుపొచ్చింది. ఆ వ్యాసం రాసినావిడ ఎవరో గానీ ఆవిడ కాళ్లు కడగాలి అన్నారొకరు. మా అక్కే అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

నువ్వు గెలిచావు. ఒప్పుకుంటున్నాను. ఎగరకు.

తమ్ముడు

*

ప్రెస్సు పైగది

తమ్ముడూ,

ఎగిరాను. నీ ఉత్తరం పట్టుకుని కిందకి దిగి, అచ్చు వేసేవాళ్లందరికీ చదివి వినిపించాను.

కానీ ఒకటి ముల్లులా గుచ్చుకుంటోంది. నాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది. రక్తనాళాల వైద్యం ఆవిడది. నా వ్యాసం చదివి, మెచ్చుకుంటుందనుకుంటే, ఒకే ప్రశ్న వేసింది. "ఆ గది ఊడ్చే మనిషికి కాళ్లు చల్లబడతాయా?"

నాకు తెలియదన్నాను. "అడక్కుండానే రాశావా?" అంది. నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరురా ఇంతవరకూ. కనుక్కుని రాయి. నీ పిక్క నొప్పి సంగతి కూడా రాయి. నడిస్తేనే వస్తోందా, ఊరికే కూర్చున్నా వస్తోందా?

అక్క

*

క్వార్టర్లు
ఎండలు ముదిరాయి

అక్కా,

మేడ మీదకి వచ్చింది.

ఎలా రాయాలో తెలియడం లేదు. మొదటివారం బాగానే ఉంది. తరవాత ఒకరోజు పొద్దున్నే, రెండో విడత ముట్టించామో లేదో, బల్లకి అటువైపున్నాయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. మెల్లగా కాళ్లు పైకి తీసుకున్నాడు. ఆయన పక్కనాయన తీసుకున్నాడు. బల్ల చుట్టూ ఒకళ్ల తరవాత ఒకళ్లు. నా వంతు వచ్చినప్పుడు ఆపుకుందామనుకున్నాను. నావల్ల కాలేదు. చెక్క మీద ఎండ పడుతోంది అక్కా. పచ్చగా, పట్టపగలు. ఆ ఎండలోంచి చలి పైకొస్తోంది.

పెద్దముక్కు, "దానికి మెట్లెక్కడం వచ్చు" అన్నాడు. అని పలక తీసుకుని తరవాతది ముట్టించాడు. మేమూ ముట్టించాం. ఏం చేస్తాం మరి, పని.

ఊడ్చే ఆవిణ్ణి అడిగాను. చెప్పుల్లేకుండా తిరుగుతుంది. "చలేంటి బాబూ, ఈ ఉక్కలో" అని నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. నేలకి ఆవిడ అక్కర్లేదేమో అన్నాడు పెద్దముక్కు. మేం నవ్వలేదు.

పిక్క ఇప్పుడు కూర్చున్నా లాగుతోంది. కుడి బొటనవేలు గోరు పక్కన కొంచెం నల్లబడింది. గుమ్మానికి తగిలిందిలే. నీ మరదలికి చెప్పకు.

తమ్ముడు

*

ప్రెస్సు పైగది
వెంటనే

తమ్ముడూ,

గుమ్మానికి తగలలేదు. ఇది చదువుతూ సిగరెట్టు వెలిగించావంటే, నా మీద ఒట్టు, దాన్ని ఆర్పేసి చదువు.

నేలలో ఏమీ లేదు. బావీ లేదు, తేమా లేదు. చలి మీ కాళ్లలోనే ఉంది. దాన్ని మీరే బూట్లలో పెట్టుకుని మేడ ఎక్కించారు. డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. పొగ లోపలికి వెళ్లగానే అందులోని నికోటిన్ సన్నటి రక్తనాళాల్ని పిడికిలిలో పట్టి పిండినట్టు పిండుతుంది. గుండెకి అన్నిటికంటే దూరం కాలివేళ్లు, ముందు ఎండేది అవే. ఒక్క సిగరెట్టు చాలు వేళ్లు చల్లబడటానికి. మీరు పొద్దస్తమానం కాలుస్తారు. అదే పొగలో ఉన్న విషవాయువు రక్తం ఎక్కుతుంది, ప్రాణవాయువు కూర్చోవలసిన సీట్లో తాను కూర్చుంటుంది, దిగమంటే దిగదు. రక్తం పారినా, పారేది ఖాళీ బండి. పైగా నాళాల లోపలి నునుపు చెడి గరుకవుతుంది, రక్తం చిక్కబడి జిగురెక్కి ఆ గరుకు దగ్గర గడ్డలు కడుతుంది. కొందరికి కాళ్లలో చేతుల్లో సన్న నాళాలు ఇలా వాచి, వరసగా మూసుకుపోతాయట. పెద్దముక్కు కాల్లోని గడ్డిపరకలు అవే. నీ బొటనవేలు నలుపు అదే.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకోటుంది. నేను నేల అడిగాను, వాళ్లు నేల ఇచ్చారు. ఎంత తొందరగా ఇచ్చారో చూసైనా నాకు అనుమానం రావాల్సింది! అడిగినా వాళ్లు ఇవ్వలేనిది ఒకటే ఉంది, మీ చేత కాల్పించడం మానడం, దాన్ని నేను అడగనే లేదు. దెయ్యం కథని తిట్టిపోసి, అదే దెయ్యానికి మేడ మీద గది ఇప్పించాను. మీకు మేజోళ్లు కొనిపెడుతున్నది ఎందుకనుకున్నావు? కాళ్లు చల్లబడితే నేలని తిట్టుకునే మనుషులు సిగరెట్టుని తిట్టరు కాబట్టి.

బయల్దేరి రా. నడవకు, బండి కట్టించుకుని రా.

అక్క

*

క్వార్టర్లు

అక్కా,

నువ్వు రాసింది నిజమే అనుకుందాం. మరి ఊళ్లో పొగతాగేవాళ్లందరి కాళ్లూ నల్లబడాలిగా? గోదాములో ముసలి కాపలావాడు చుట్ట మీద చుట్ట కాలుస్తాడు, నాకంటే వేగంగా నడుస్తాడు. నీకు శత్రువు ఒకడు దొరికితే చాలు, ఊళ్లో పాపాలన్నీ వాడి పద్దులో రాస్తావు. నిన్నటిదాకా నేల శత్రువు. ఇవాళ పొగ. రేపు?

పైగా, మానేస్తే నేనేమిటి? నాలుకే కదా నాకున్న విద్య. పెద్దముక్కు వచ్చే ఏడు తప్పుకుంటాడట, ఆ కుర్చీ నాకేనని అందరికీ చెప్పాడు. ఆ కుర్చీ నీకు తెలియదు. ఆయన తల ఊపితే లారీలు కదులుతాయి. నా జన్మలో నా మాట కోసం ఎవడైనా ఆగాడా అక్కా, నువ్వైనా ఆగావా?

ఇంత రాసి ఆపాను. నిన్న స్నానం చేస్తుంటే పాదం మీద వేడినీళ్లు పడ్డాయి. బొబ్బ లేచాక చూసుకున్నాను. పడ్డప్పుడు తెలియలేదు. ఎవరో తమ పాదం నాకు అప్పగించి దాచమన్నట్టుంది.

వస్తున్నాను.

తమ్ముడు

*

క్వార్టర్లు
నీ దగ్గర్నుంచి వచ్చిన కొన్ని వారాలకి

అక్కా,

బొటనవేలి చివర తీసేసిన గాయం మానుతోంది. డాక్టరమ్మ అన్న మాట నీ మరదలు రోజూ నాకు అప్పజెబుతోంది. "పూర్తిగా మానితే ఈ పాదం నీది. ఒక్కటి తాగినా పాదం దానిది." చీలమండ దగ్గర నాడి కోసం ఆవిడ ఎంతసేపు వెతికిందో గుర్తుందా? నా కాల్లో నేను ఉన్నానా లేదా అని తలుపు కొట్టి చూస్తున్నట్టనిపించింది.

ఇప్పటిదాకా ముట్టలేదు. కానీ అబద్ధం ఎందుకు, నేను తగువులాడే నా అక్కతో అన్నీ చెప్పుకోవాలి. సెలవు అయిపోవస్తోంది. సంక్షేమాధికారి కబురు పంపాడు. పెద్దముక్కు ముందే తప్పుకుంటాడట, కుర్చీ సిద్ధమట. నాకు ఒక ఆలోచన వస్తోంది. పొగ నోట్లోకి తీసుకుని, మింగకుండా వదిలేస్తే? రోజంతా కాకుండా పొద్దుటిపూట మాత్రం చూస్తే? ఇలాంటివి నా బుర్రలో నాకంటే తెలివైనవాడెవడో కూర్చుని చెబుతున్నాడు. ఏం చేయను?

తమ్ముడు

*

ప్రెస్సు పైగది

తమ్ముడూ,

ఈసారి వాదించను. నీ పాదం మీద చెయ్యి పెట్టుకో. ఎలా ఉందో నాకు రాయి. నువ్వు రాసేదాకా ఆగుతాను.

అక్క

*

క్వార్టర్లు
ఎండ పొద్దున

అక్కా,

పాదం వెచ్చగా ఉంది. నొప్పిగా కూడా ఉంది. సూదులు గుచ్చుతున్నట్టు, లోపల్నుంచి. ఇంతకాలం నొప్పి కూడా లేకుండా ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

ఇవాళ పెద్దముక్కు ఇంటికొచ్చాడు. నన్ను తీసుకెళ్దామని. నేను చూడగానే లేచి కుర్చీ వేశాను. పాప నేల మీద బోర్లా పడుకుని, గచ్చుని అరిచేతులతో కొడుతూ తనలో తాను పాటలు పాడుకుంటోంది. తలుపులోంచి ఎండ వచ్చి గది సగం దాకా పరుచుకుంది.

"నువ్వు లేకపోతే ఆ కుర్చీ నక్కలపాలవుతుందిరా" అన్నాడు. "వీళ్లకి తీపికీ మాడుకీ తేడా తెలియదు. నా పని ఎవడికో ఎలా అప్పజెప్పను?" నిజం చెబుతున్నాను అక్కా, ఊగిసలాడాను. సరే గురువుగారూ అనడానికి నోరు తెరిచాను.

అప్పుడు ఆయన మాట ఆపేశాడు. కిందకి చూశాడు. మెల్లగా ఉన్న కాలు ఎత్తి కుర్చీ పుల్ల మీద పెట్టుకున్నాడు. తరవాత రెండు చేతులతో చెక్కకాలిని పట్టుకుని, దాన్నీ ఎత్తి పక్కన పెట్టుకున్నాడు.

"మీ ఇంట్లోకి కూడా వచ్చిందిరా" అన్నాడు గుసగుసగా. "పాపని తియ్. పాపని నేల మీంచి తియ్!"

ఒక్క క్షణం పాపని తీయడానికే వంగాను. వంగినప్పుడు అరిచెయ్యి గచ్చుకి ఆనింది. పొద్దుటి ఎండకి గోరువెచ్చగా ఉంది. పాప పొట్టలా ఉంది.

ఆయన చెయ్యి పట్టుకుని కిందకి వంచి, నా చెయ్యి పక్కనే ఆనించాను. ఒకే పలక. "చూడండి" అన్నాను. "మంచురా" అన్నాడు ఆయన. ఆ చెయ్యి తీసి నా చెంపకి పెట్టుకున్నాను. వానలో రాత్రంతా నానిన ఇనప కడ్డీ.

"చల్లగా ఉన్నది నేల కాదు గురువుగారూ. మీ చెయ్యి."

చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. వేళ్ల కొసలు తెల్లగా, గోళ్లు నీలంగా. అంత పెద్ద మనిషి, బడిపిల్లాడు లెక్క తప్పినట్టు నా మొహంలోకి చూశాడు.

"చేతిలోకి కూడా ఎక్కిందా?" అన్నాడు.

నువ్వు రాసినవన్నీ చెప్పాను. డాక్టరమ్మ చెప్పినవి చెప్పాను. నా కట్టు విప్పి చూపించాను. తల ఊపుతూ శ్రద్ధగా విన్నాడు, నా మాటకి ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయిపోయాక జేబులోంచి పెట్టె తీశాడు. పాప ఉందని గుర్తొచ్చి, మర్యాదగా గుమ్మం బయటికెళ్లి ముట్టించుకున్నాడు. మెట్టు మీద కాళ్లు ఎత్తి పెట్టుకుని కూర్చున్నాడు.

ఇక రానని రాసిన కాగితం ఆయన చేతికే ఇచ్చి పంపాను. ఈ ఉత్తరం పత్రికలో వేసుకో, నా పేరుతో, ఫ్యాక్టరీ పేరుతో. ఈసారి నేల అడక్కు.

రేపు నేను పనికి వెళ్లను అక్కా. ఆయన వెళ్తాడు.

తమ్ముడు